సారమ్మత్త మమ్మల్ని నొప్పించిన రోజు

పోయిన వానాకాలంలో మా సారమ్మత్త జ్ఞాపకార్థ కూడిక జరిగింది. వరంగల్‌లో మేము చిన్నప్పటి నుంచి వెళ్తున్న చర్చిలోనే. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు పాతికేళ్లు దాటీ దాటని మనిషి, మంచివాడు. మైకు ముందు నిలబడి, "సారమ్మగారు తన జీవితకాలంలో ఏ ఒక్కరినీ నొప్పించలేదు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నా నోట మాత్రం ఆ మాట రాలేదు. పక్కన కూర్చున్న మా అన్న ప్రభాకర్ మోచేత్తో నన్ను మెల్లగా తాకి, పెదవులు కదలకుండా, "నన్నడిగితె చెప్తుంటి" అన్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. తలలు వంచుకున్నాం. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నామనుకొని వెనక బెంచీలోని ఒకావిడ నా వీపు నిమిరింది.

అయ్యగారిని తప్పు పట్టను. పోయినవాళ్ల గురించి అలాగే చెప్పాలని ఆయనకు ఎవరో నేర్పి ఉంటారు. కానీ ఆ మాట నిజం కాదు. సారమ్మత్త చాలామందిని నొప్పించింది. అందరికంటే ఎక్కువగా మా ఇంటినే నొప్పించింది. అయినా ఆమె నొప్పించిన మనుషులే ఆ రోజు వానలో తడుస్తూ, గొడుగులు సరిపోక చీర కొంగులు తల మీద వేసుకొని, చర్చి మెట్ల దాకా నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో చెప్పకపోతే ఆమెను పొగిడినట్టు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో ఉండేది. ముందు గది నాయిన టైలరింగ్ దుకాణం, వెనక రెండు గదులు కాపురం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద వేడెక్కిన గంజి బట్ట వాసన, మిషన్ నూనె వాసన, వాటి మధ్యలో అమ్మ పెనం మీద కాల్చే సర్వపిండిలోంచి నువ్వుల వాసన. తెల్లవారగానే నాయిన ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేవాడు. అవి ఎర్రబడేలోపు కుటుంబ ప్రార్థన అయిపోవాలి. ఒక పాట, ఒక వాక్యభాగం, ఒక ప్రార్థన. ప్రార్థన కొంచెం సాగితే నాయిన ఒక కన్ను తెరిచి బొగ్గుల వైపు చూసేవాడు. అత్త కళ్లు మూసుకునే, "తమ్మీ, బొగ్గులు ఏడికీ పోవు" అనేది. ఆమెకు ఎలా తెలిసేదో మాకు అర్థమయ్యేది కాదు.

సారమ్మత్త నాయినకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోయాడు, పిల్లలు లేరు. నాయిన వెళ్లి తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచుకున్నాడు. చర్చిలో ఆమెది బైబిలు ఉమన్ పని. అంటే ఇల్లిల్లూ తిరిగి జబ్బుపడ్డవాళ్ల దగ్గర ప్రార్థన చేయడం, చదువురాని ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం, కొట్లాడుకున్న అత్తాకోడళ్ల మధ్య కూర్చోవడం. సన్నటి నీలం అంచు ఉన్న తెల్లచీర కట్టుకొని, చేతిలో గుడ్డ సంచీతో పొద్దున్నే బయలుదేరేది. మట్టెవాడ నుంచి కాశిబుగ్గ దాకా ఆమె నడక తెలియని గల్లీ లేదు. క్రైస్తవుల ఇళ్లకే కాదు, బజారులో బట్టల దుకాణాల వాళ్ల ఇళ్లకూ వెళ్లేది. వాళ్లు పిలిచేవాళ్లు.

ఎందుకు పిలిచేవాళ్లో నాకు మా పక్కింటి రాజక్కను చూస్తే తెలిసింది. ఆమె భర్తకు చౌరస్తాలో బట్టల దుకాణం. దుకాణానికి కొత్త చీరలు దిగినప్పుడల్లా ఒకటి భుజం మీద వేసుకొని మా ఇంటికి వచ్చేది. అమ్మను అడిగితే అమ్మ, "మస్తున్నది రాజక్కా" అనేది. ఏ చీరకైనా అదే మాట. అత్త మాత్రం ఆమెను వాకిట్లో వెలుతురులోకి తీసుకుపోయి, కాసేపు చూసి, "చీర మంచిగనే ఉన్నది. నీ ముఖాన్ని మాత్రం ఇది వాడగొడ్తాంది. మొన్నటి ఆకుపచ్చది కట్టుకున్ననాడు నువ్వు పెండ్లిపిల్ల లెక్క ఉన్నవు" అనేది. రాజక్క మూతి ముడుచుకొని వెళ్లిపోయేది. మళ్లీ వారం తిరగకముందే ఇంకో చీరతో వచ్చేది. ఒకసారి అమ్మతో అన్నది, "నువ్వు బాగున్నదంటె నాకు ఖుషీ అయితది వదినె. సారమ్మక్క బాగున్నదంటె నమ్మకమైతది." ఆ తర్వాత పెద్దకొడుకు చదువు గురించి, ఆస్తి పంపకాల గురించి, తన కడుపులో గడ్డ గురించి కూడా రాజక్క అందరికంటే ముందు మా అత్తనే అడిగింది. చీరల దగ్గర మొదలైన నమ్మకం అంత దూరం పోయింది.

అత్త నిజం చెప్పే పద్ధతి ఒకటి ఉండేది. ఆమె ఎప్పుడూ దాన్ని పద్ధతి అనలేదు, మేమే చూసి కనిపెట్టాం. నిలబడి ఎన్నడూ కష్టమైన మాట చెప్పేది కాదు. కూర్చునేది, ఎదుటి మనిషిని కూర్చోబెట్టేది. ఆకలితో ఉన్నవాళ్లకు ముందు తినబెట్టేది. మూడో మనిషి ఉంటే ఆ మాట ఎత్తేదే కాదు. ఇంట్లో నాకు ఏదైనా చెప్పాల్సి వస్తే, నూనె గిన్నె తీసుకొని, "దా బిడ్డ, తల దువ్వుత" అని పిలిచేది. ఆ గిన్నె చూడగానే ఆ రోజు ఏం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని. ఆమె వేళ్లు తలలో తిరుగుతుంటే ఆ మాట వచ్చేది, మెల్లగా, ఎక్కడా గొంతు పెరగకుండా. "నువ్వు ఇయ్యాల బడిల పద్మను అందరి ముంగట నల్లపిల్ల అన్నవట. అది ఇంటికి పోయి ఏడ్సింది." అంతే. తర్వాత జడ అల్లడం పూర్తి చేసేది. కోపంతో సగం జడ వదిలేసి పోవడం ఆమెకు తెలియదు.

సెలవుల్లో అప్పుడప్పుడు నన్ను తన వెంట తీసుకెళ్లేది. ఒకసారి లేబర్ కాలనీలో ఒక చిన్న ఇంటికి వెళ్లాం. మంచం మీద భర్త, ఎముకల గూడులా ఉన్నాడు. దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. భార్య అత్త రెండు చేతులూ పట్టుకొని, "అక్కా, మొన్న వచ్చిన ఇంకో ప్రార్థనాయన నయమైపోయింది అని చెప్పిండు. తెల్లారి లేచి నడుస్తడన్నడు. లేవలేదు. నా విశ్వాసం తక్కువున్నదంట. నువ్వు చెప్పు, లేస్తడా?" అని అడిగింది. నాకు అప్పుడు పదిహేనేళ్లు ఉంటాయేమో. అత్త లేస్తాడని చెప్తే బాగుండని నేను మనసులో కోరుకున్నాను. ఆ భార్య ముఖం అలా ఉంది. అత్త కింద కూర్చుంది, ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకుంది. "లేస్తడో లేవడో నాకు తెల్వదు చెల్లే. దేవుణ్ని అడుగుదాం, బతిమాలుదాం. ఆయన ఏమిస్తడో ఆయనకే ఎరుక. కాని నీ విశ్వాసం తక్కువయి ఈయన మంచాన పడలేదు. ఆ మాట మాత్రం అబద్ధం. అది నీ మనసులకెల్లి తీసెయ్" అన్నది. ఆ ఆడమనిషి అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. అది దుఃఖంతో వచ్చిన ఏడుపు మాత్రమే కాదు, నెత్తి మీది బరువు ఎవరో దించితే వచ్చే ఏడుపు. ఆయన లేవలేదు. అత్త మాత్రం ఆయన పోయేదాకా రోజూ వెళ్లింది, పోయాక కూడా వెళ్లింది.

ఇంత మెత్తటి మనిషి మా ఇంటిని ఎలా నొప్పించిందో ఇప్పుడు చెప్తాను.

మా అన్న ప్రభాకర్ నాకంటే ఆరేళ్లు పెద్ద. కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు నాయిన ఆ గల్లీ మొత్తానికి మిఠాయి పంచాడు. అన్న స్కూటర్ కొన్నాడు. చర్చిలో తబలా వాయించేవాడు, నవ్వితే బుగ్గ మీద సొట్ట పడేది. అలాంటి అన్నకు తాగుడు ఎప్పుడు అలవాటయ్యిందో మాకు తెలియలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పొద్దు వాలగానే మళ్లీ బయటికి పోయేవాడు. తిరిగి వచ్చినప్పుడు ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇల్లంతా ఆ వాసన. ఆ వాసన పేరు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అమ్మ గడప దగ్గర ఊదుబత్తి వెలిగించడం మొదలుపెట్టింది. నాయిన, "పెండ్లి చేస్తె వాడే బాగైతడు" అనేవాడు. అత్త ఒక్కతే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడేది. అన్న ఏడ్చి ఒట్టు వేసేవాడు. నాలుగు రోజులు బాగుండేవాడు. మళ్లీ మొదలు.

ఆ సమయంలోనే కేసముద్రం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి దానియేలు గారు అక్కడి మార్కెట్‌లో పత్తి దుకాణంలో గుమాస్తా. పిల్ల పేరు విమల, టీచర్ ట్రైనింగ్ చదివింది. పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. ఆమె నన్ను లోపలికి పిలిచి జామకాయలు కోసిచ్చింది. నాకు తెగ నచ్చింది. అన్నకూ నచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చొని తనలో తనే నవ్వుకున్నాడు. ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, రోజు ఖాయం చేసుకోవడానికి వాళ్లు మా ఇంటికి వస్తామన్నారు.

వాళ్లు వచ్చే ముందు ఒక సాయంత్రం అత్త అన్నను వాకిట్లో రాతిబండ మీద కూర్చోబెట్టింది. నేను బావి దగ్గర గిన్నెలు తోముతున్నాను, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ప్రభాకరా, ఆ పిల్లకు నువ్వు చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"నీకెరుకే."

అన్న స్కూటర్ తాళం చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "పెండ్లైతె మానేస్త అత్తా. ప్రమాణం చేస్తాన్న" అన్నాడు.

"మానుతవు. నాకు నమ్మకమున్నది. కాని మానినంక పెండ్లి వేరే, పెండ్లైతె మానుతనని పెండ్లి వేరే. ఆ పిల్ల తన బతుకు నీ చేతుల పెడ్తాంది. ఏం పెడ్తున్ననో ఆమెకు తెల్వాలె కద. నువ్వే చెప్పు. చెప్తె నీకు ఇజ్జత్ ఉంటది. నేను నీ పక్కన కూసుంట."

"నువ్వు చెప్పవు కద?"

"నీ వెనక చెప్ప. వాళ్లు నన్ను అడిగితె మాత్రం అబద్ధం చెప్ప బిడ్డ. అందుకే ముందుగాల నీకు చెప్తాన్న."

అన్న సరేనన్నాడు. కేసముద్రం వెళ్లి చెప్పి వస్తానన్నాడు. వెళ్లలేదు. ఆ రోజుల్లో అతని ముఖం చూస్తే నాకు జాలేసేది. అమ్మకు కూడా ఈ సంగతి తెలుసు. ఆమె అత్తను వంటింట్లో పట్టుకొని, "వదినా, నీ కాళ్లు మొక్కుత, నోరు విప్పకు" అన్నది. అత్త అమ్మను దగ్గరికి తీసుకుంది, కానీ మాట ఇవ్వలేదు.

వాళ్లు వచ్చిన రోజు ఇల్లంతా కడిగాం. అమ్మ బగారన్నం, కోడికూర చేసింది. నాయిన దుకాణం మూసి, తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకున్నాడు. దానియేలు గారు, ఆయన భార్య, వాళ్ల బంధువు ఒకాయన. భోజనాలయ్యాయి, నవ్వులయ్యాయి. మగవాళ్లు ముందు గదిలో క్యాలెండరు చూస్తున్నారు. అప్పుడు విమల తల్లి వంటింట్లోకి వచ్చింది. అత్త పక్కన పీట మీద కూర్చొని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినె, మీరు దేవుని పని చేసేటోళ్లు. మేము ఊరోళ్లం, మాకు ఇక్కడ ఎవరూ ఎరుక లేరు. ఒక్కతే బిడ్డ. మీరు చెప్తె మాకు ధైర్యం. పిలగానికి ఏమన్న అలవాట్లు ఉన్నయా?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేను అత్త ముఖం చూశాను. ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడని భయం ఉంది. ఆమెకు నిజం చెప్పడం తేలిక అని అప్పటిదాకా అనుకునేదాన్ని.  అత్త కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ముందు గదివైపు చూసి, "ప్రభాకరా, జర ఇటు రా బిడ్డ" అని పిలిచింది.

అన్న వచ్చాడు. అత్త అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకొని, భుజం చుట్టూ చెయ్యి వేసింది. "వదినె నన్ను ఒక మాట అడిగింది. నువ్వు చెప్తవా?" అన్నది. అన్న తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరవలేదు. అత్త ఎదురుచూసింది.  ఆఖరికి, చెయ్యి అతని భుజం మీద నుంచి తీయకుండానే చెప్పింది.

"వదినె, వీడు మా ఇంటి దీపం. వాళ్ల అమ్మకు జరమొస్తె పక్కన కూసుండి కాళ్లు వత్తుతడు. ఇంతవరకు ఎవలనూ ఒక్క మాట అనలేదు. కాని తాగుతాండు. మానాలని వానికీ ఉన్నది, అయితలేదు. రేపు మానుతడని నేను నమ్ముతాన్న. కాని ఇయ్యాల మాత్రం తాగుతాండు. మీ బిడ్డ నా బిడ్డైతె నాకు ఎవలన్న ఈ మాట చెప్పాలని కోరుకుందును. అందుకే చెప్తాన్న."

 విమల తల్లి లేచి, అన్న తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, ముందు గదికి వెళ్లింది. కాసేపటికి వాళ్లు సంచులు సర్దుకున్నారు. దానియేలు గారు గడప దగ్గర నాయినకు వందనాలు చెప్పారు. 

వాళ్లు సందు మలుపు తిరిగాక నాయిన దుకాణంలోని స్టూలును కాలితో తన్నాడు. "నా కొడుకును బజార్ల నిలవెట్టినవ్ గదనే అక్కా! తోడబుట్టినదానివి, నా తిండి తిని! ప్రేమంటె ఎదుటోళ్ల తప్పులు కప్పుడు అని ఊరందరికీ చెప్తవ్ కద, మన ఇంట్ల అది యాదికి రాలేదా?"

అత్త గోడకు ఆనుకొని నిలబడింది. "పుండు మీద బట్ట కప్పుతం తమ్మీ, ఈగలు వాలకుంట. మందు పెట్టకుంట దాచుడు కప్పుడు కాదు" అన్నది. తర్వాత ఆమె ఏడ్చింది. "నీకు నొప్పి అయితాంది. నాకెరుక. నన్ను తిట్టు. చెప్పినందుకు మాత్రం తప్పయ్యిందని అనలేను."

"నా ఇంట్ల ఉండకు" అన్నాడు నాయిన.

ఆమె ఎదురు చెప్పలేదు. రెండు చీరలు, పాటల పుస్తకం సంచీలో వేసుకొని, చర్చి వెనక ఖాళీగా ఉన్న చిన్న గదికి వెళ్లిపోయింది. అన్న ఆ సాయంత్రం తాగి వచ్చాడు. నేను అత్త మీద కోపంతో ఆమె పక్క చుట్టి అటక మీద పడేశాను. మా ఇంటి ప్రార్థనలో పాట ఎత్తుకునేవాళ్లు లేక కొన్నాళ్లు పాటే ఆగిపోయింది.

నిజం చెప్పేవాళ్లను నేను ఆ తర్వాత చాలామందిని చూశాను. చెప్పి చేతులు దులుపుకొని పోతారు. మా అత్త అక్కడ ఆగలేదు, అందుకే ఆమె నాకు ఇంత గొప్పగా కనిపిస్తుంది. ఇల్లు విడిచిన మర్నాడే, పొద్దు వాలే వేళకు, మా వాకిలి బయట నిలబడింది. నాయిన వద్దన్న గడప దాటలేదు. బయటి నుంచే పిలిచింది. "ప్రభాకరా, కాశిబుగ్గల ఒక ముసలామెకు పక్షవాతం. పక్క మీద తిప్పెటందుకు మగమనిషి లేడు. నన్ను స్కూటర్ మీద తోల్కపోతవా?" అన్న ఆమెను దాటుకొని స్కూటర్ మీద వెళ్లిపోయాడు. ఆమె నడిచి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చింది, అదే వేళకు. అది అన్న సీసా దగ్గరికి వెళ్లే వేళ అని నాకు చాలా తర్వాత వెలిగింది. రోజూ వచ్చేది. నాయిన మిషన్ తొక్కుతూ తల ఎత్తేవాడు కాదు. ఒక రోజు అన్న విసుగ్గా, "ఈమె పీడ వదలదు" అని స్కూటర్ తీశాడు.

ఆ ముసలామెను ఎత్తి, పక్క మార్చి, వీపు తుడవడానికి అన్న సాయం చేశాడట. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ అమ్మతో, "బరువే లేదు అమ్మా, చిన్నపిల్ల లెక్క ఉన్నది" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత అతను తనంతట తాను ఇంట్లో మాట్లాడిన మాట అది. మర్నాడు అత్త పిలవకముందే స్కూటర్ బయట పెట్టాడు.

అంత తేలిగ్గా మానలేదు. మధ్యలో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఒక సాయంత్రం తాగే వచ్చాడు. అత్త దగ్గరికి వచ్చి, "వాసనొస్తాంది ప్రభాకరా. బండి ఇక్కడనే పెట్టు, నడుసుకుంట పోదాం" అన్నది. ఇద్దరూ కాశిబుగ్గ దాకా నడిచారు. ముసలామె ఇంటి ముందు, "ఇయ్యాల నువ్వు లోపలికి రాకు, అరుగు మీద కూసో. రేపు రా" అన్నది. తిట్టలేదు. ఏమీ కానట్టు నటించనూ లేదు. ఆ అరుగు మీద కూర్చున్న సాయంత్రం గురించి అన్న ఇప్పటికీ చెప్తాడు. "తిట్టినా బాగుండు. రేపు రా అన్నది చూడు, అది నన్ను చంపింది" అంటాడు.

నెలలు గడిచి, అన్న తాగని రోజులు పెరిగాక అప్పటి అయ్యగారు ఎంతో సంతోషపడి, ప్రభాకర్ ఆదివారం నాడు చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. దేవుడు ఒక్క క్షణంలో విడిపించాడని చెప్తే యువకులకు మేలు జరుగుతుందన్నారు. అత్త ఆయన్ను కూర్చోబెట్టి టీ పోసి చెప్పింది. "ఒక్క క్షణంల కాలేదు అయ్యగారూ. ఇంక అయితనే ఉన్నది. లేనిది చెప్పిస్తె, రేపు కాలు జారితె వాడు మళ్ల చర్చి మొఖం చూడడు. దేవునికి మన అబద్ధం సాయం అక్కర్లేదు." అయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. తర్వాత నవ్వి ఒప్పుకున్నారు.

నాయిన ఇవన్నీ మిషన్ దగ్గర కూర్చొనే చూశాడు. క్రిస్మస్ ముందు బట్టల పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం హఠాత్తుగా పని ఆపి, నన్ను వెంట రమ్మని, చర్చి వెనక గదికి వెళ్లాడు. అత్త బియ్యం ఏరుతోంది. నాయిన గుమ్మంలో నిలబడి, "అక్కా, ఇంటికి రా" అన్నాడు.

ఆమె చేట కింద పెట్టింది. "కోపం పోయిందా తమ్మీ?"

నాయిన మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. "పోలేదు" అన్నాడు.

అత్త ముఖం విప్పారింది. "పోయింది అని అన్నట్టైతె రాకపోదును. పా" అని లేచి సంచీ సర్దుకుంది. ఆ సంచీ నాయినే మోశాడు.  ఇంటికి రాగానే అమ్మ ఆమె మెడ పట్టుకొని ఏడ్చింది.

విమలకు తర్వాత ఖమ్మం వైపు సంబంధం కుదిరిందని విన్నాం. ఆమె సుఖంగా ఉందో లేదో నాకు తెలియదు. ఉండాలని అత్త ప్రతి రోజూ పేరు పెట్టి ప్రార్థన చేసేది. అన్నకు కొన్నేళ్లకు రఘునాథపల్లి నుంచి శాంత వదినె సంబంధం వచ్చింది. ఈసారి ఎవరూ అడగకముందే అన్న అందరి ముందు, "నేను తాగేటోణ్ని. ఇప్పుడు తాగుతలేను. మళ్ల తాగ అని ఒట్టు పెట్టలేను, ప్రయత్నం మాత్రం ఇడిసిపెట్ట" అన్నాడు. వాళ్ల వైపు పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శాంత వదినె తలుపు వెనక నుంచి బయటికి వచ్చి, "మా బాపు సచ్చిపొయ్యేదాక తాగిండు, ఒక్కనాడు ఒప్పుకోలేదు. నాకు ఈ పిలగాడే కావాలె" అన్నది. వాళ్లకిప్పుడు మనవలు.

ఈ రోజుల్లో మా చర్చి వాళ్లకు ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. పొద్దున లేస్తే పూల బొమ్మలు, దీవెనలు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, అందరూ అందరికీ బాగుంది అంటారు. లేకపోతే ఉన్నట్టుండి ఎవరో ఒకరు నిజం చెప్తున్నానని మొదలుపెట్టి, ఇంకొకరి పరువును వందమంది ముందు చింపి పోగులు పెడతారు. సత్యం కోసమే అంటారు. ఆ మాటలు చదువుతుంటే అనుకుంటాను, వీళ్లలో ఒక్కరైనా ఆ మనిషి ఇంటికి వెళ్లి, కూర్చొని, ముందు తిన్నావా అని అడిగారా? చెప్పిన మర్నాడు ఆ వాకిట్లో నిలబడతారా? అప్పటి రోజులన్నీ మంచివని అనను. అప్పుడూ దాచేవాళ్లు దాచారు, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి మనుషులను విరిచినవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో మాత్రం ఆ రెండూ కాని మనిషి ఒకతె ఉంది. అది మా అదృష్టం.

తొంభై దాటాక అత్తకు కడుపులో నొప్పి మొదలైంది. అప్పటికి ఆమె అన్న దగ్గరే హన్మకొండలో ఉంటోంది. దవాఖానలో పరీక్షలు చేసి డాక్టరు అన్నను బయటికి పిలిచి చెప్పాడు. ఆపరేషన్ చేసే వయసు కాదు, ఇంటికి తీసుకుపోయి నొప్పి లేకుండా చూసుకోండి అన్నాడు. అన్న పిల్లలు, నా పిల్లలు అందరూ ఒకటే మాట. "ఆమెకు చెప్పొద్దు. గ్యాసు నొప్పి అని చెప్దాం. ఈ వయసుల ఎందుకు బాధ?" నేను కూడా అటూ ఇటూ ఊగాను. అన్న అందరి మాటా విన్నాడు. తర్వాత, "నేను చెప్త. ఎవలూ లోపలికి రాకుండ్రి. చెల్లె ఒక్కతే రానీ" అన్నాడు.

మధ్యాహ్నం వేళ. అన్న ఆమెకు రాగిజావ చెంచాతో తాగించాడు. మూతి తుడిచాడు. దిండు ఎత్తుగా పెట్టాడు. తను మంచం మీద కూర్చొని, ఆమె రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె అతన్నే చూస్తోంది.

"అత్తా, డాక్టరు నాతోని మాట్లాడిండు."

"ఊఁ."

"మంచి మాట కాదు. కడుపుల గడ్డ పెరిగింది. తీసేటట్టు లేదంట. ఎక్కువ రోజులు ఉండవంట. నొప్పి లేకుంట చూసుకొమ్మన్నరు. నేను నీ కాడనే ఉంట, ఏడికీ పోను."

అన్న గొంతు ఎక్కడా ఆగలేదు. చేతులు మాత్రం ఆమె పాదాలను వదలకుండా నిమురుతూనే ఉన్నాయి. అత్త పైకప్పు వైపు చూసింది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నేను తుడవబోతే వద్దన్నట్టు తల ఊపింది. తర్వాత మెల్లగా చెయ్యి చాపి, అన్న నెరిసిన జుట్టులో వేళ్లు పెట్టింది.

"నాకు చెప్పుడు నీకు మస్తు కష్టమైంది గద బిడ్డ" అన్నది.